ఆయనకు కనబడే రంగు

మా తోడికోడలికి ఇంట్లో మేం పెట్టుకున్న పేరు ఒక్కమాట. ఆమె ఎదురుగా ఎవరూ అనరు, అంత ధైర్యం ఎవరికుంది? ఏదైనా ఒక్కసారే అడుగుతుంది, ఒక్కసారే చెబుతుంది. రెండోసారి చెప్పడం తీరికున్నవాళ్ల పని, రెండోసారి అడగడం బుర్ర లేనివాళ్ల పని అని ఆమె లెక్క. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర ఉద్యోగం. చొక్కాను ఒక్కసారి తిప్పి చూస్తుంది, తప్పుంటే అటు పడేస్తుంది, లేకపోతే ఇటు. ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే తిప్పి చూస్తుందని మొదట్లో నాకు మహా మంటగా ఉండేది. వాళ్లు కింద వాటాలో, మేం పైన. మెట్ల మీద ఎదురుపడి మూతులు తిప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి మాకు.

ఆమె భర్త, అంటే మా మరిది, బస్సు డ్రైవరు. మనిషి భోళా. నోరు పెద్దది. వీధి మలుపులో ఉండగానే ఇంట్లోవాళ్లకి కబుర్లు చెప్పడం మొదలుపెట్టేవాడు. అలాంటివాడు ఒకరోజు డిపోలో తాళాలు టేబుల్ మీద పెట్టి, "ఎడమ పక్క మనుషులు ఉన్నట్టుండి పుట్టుకొస్తున్నారు సార్, ఇక నా వల్ల కాదు" అని చెప్పి వచ్చేశాడట. ఎవరికీ ఏమీ కాకముందే దిగిపోయాడు, అదొక్కటే మా అదృష్టం. కంటి డాక్టర్లు చూశారు. కంటి వెనక పొర ఎండిపోతోంది, పక్కల చూపు ముందు పోతుంది, మధ్యది తర్వాత పోతుంది, మసక వెలుతురులో అసలు ఆనదు అన్నారు. మందు లేదు, ఆపరేషనూ లేదు. మిగతా ముక్క డాక్టరు ఒక్కమాటను బయటికి పిలిచి చెప్పాడు. ఏడాది, మహా అయితే ఇంకాస్త, ఆ తర్వాత చీకటే. అది ఆమె నాతో చెప్పింది కానీ మొగుడితో చెప్పలేదు.

"చెప్తే ఇప్పట్నుంచే కళ్లు మూసుకుని కూర్చుంటారక్కా," అంది. నేను సరేనన్నాను.

వాళ్ల బాత్రూం నడవా చివర ఉంటుంది. తెల్ల టైల్స్ గోడలు, తెల్ల నేల, తెల్ల కమోడ్, ఆఖరికి బకెట్టు కూడా తెల్లదే. ఇల్లు కట్టించుకున్నప్పుడు శుభ్రంగా ఉంటుందని ముచ్చటపడి అన్నీ తెల్లవి వేయించారు. ఇప్పుడా తెలుపులో ఆయనకు ఏది ఎక్కడుందో తెలియదు. ఒకరోజు కమోడ్ ఉందనుకుని దాని పక్కన కూర్చోబోయి వెల్లకిలా పడ్డాడు. గోడకీ కమోడ్‌కీ మధ్య ఇరుక్కుపోయాడు. ఒంటి మీద బట్ట సరిగా లేదు. పెళ్లాం వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేదాకా అలాగే ఉన్నాడు. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ లేచిన తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నానికి పిలిస్తే వద్దన్నాడు. మర్నాడు మంచినీళ్లు కూడా వద్దన్నాడు.

మొదట మాకు అర్థం కాలేదు. అలిగాడనుకున్నాం. తర్వాత తెలిసింది. తింటే వెళ్లాలి, తాగితే వెళ్లాలి. వెళ్లకుండా ఉండాలంటే తినకూడదు, తాగకూడదు. అంత పెద్ద మనిషి ఆ లెక్క వేసుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. పెదాలు పగిలి నెత్తురు కనబడుతోంది. గదిలోనే వెళ్లడానికి వీలుగా కింద బేసిన్ ఉన్న కుర్చీ ఒకటి ఆమె మోసుకొస్తే, దాన్ని చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి పట్టుకుని నేను తీసుకెళ్తానండీ అంటే, "ఇంకోసారి నన్ను అక్కణ్ణుంచి నువ్వు లేపాల్సొస్తే నేను బతకనే," అన్నాడు. అరవలేదు, మెల్లగా అన్నాడు. మా మరిది మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

జ్వరం వచ్చింది. క్లినిక్‌కు తీసుకెళ్తే, నీళ్లు తాగకపోవడం వల్ల మూత్రంలో చీము పట్టింది, ఇలాగే మొండికేస్తే కిడ్నీలు పోతాయని తిట్టి ఇంజెక్షన్ చేసి పంపారు. ఇంజెక్షన్‌కి జ్వరం తగ్గింది. మొండితనం తగ్గలేదు.

కంటి ఆసుపత్రిలో, చూపు తగ్గినవాళ్లకి ఇంట్లో ఎలా తిరగాలో నేర్పే అమ్మాయి ఒకామె ఉంది. ఒక్కమాట ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఆమె దగ్గరికెళ్లి కూర్చుంది. నన్ను తోడు తీసుకెళ్లింది. ఆ అమ్మాయి తేలిగ్గా చెప్పేసింది. "సీటు, మూత నల్లవి పెట్టించండి. వెనకాల గోడకి ఆయనకి ఇంకా బాగా కనబడే రంగు వేయించండి. మెరవకూడదు, మెరిస్తే కళ్లు చెదురుతాయి. ఏ రంగో మాత్రం ఆయన్నే అడగండి."

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా ఆయన ముందు నిలబడి అడిగింది.

"ఏమండీ, మీకిప్పుడు ఏ రంగు బాగా కనబడుతోంది?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "పచ్చ," అన్నాడు. "పచ్చ ఇంకా బాగానే ఆనుతోంది."

"సరే," అంది. ఇంక దాని గురించి మాట లేదు.

టైల్స్ షోరూంకి కూడా నేను వెళ్లాను. అక్కడి సేల్స్‌మన్ టై కట్టుకుని, మమ్మల్ని చూడగానే కుర్చీలు జరిపి, వరసగా పరచడం మొదలుపెట్టాడు. ఐవరీ అన్నాడు, పెర్ల్ అన్నాడు, స్మోక్ అన్నాడు. నా కంటికి అన్నీ విరిగిన పాల రంగులే.

"చిన్న బాత్రూం పెద్దగా కనబడాలంటే లేత రంగులే వేసుకోవాలి మేడమ్. ఇప్పుడందరూ ఇవే తీసుకుంటున్నారు."

"పెద్దగా కనబడక్కర్లేదు," అంది ఒక్కమాట. "కనబడితే చాలు."

అతనికి బోధపడలేదు. పాపం, అతని తప్పేముంది? ఆమె వివరంగా చెప్పే రకమా? అక్కడున్నవన్నీ కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూడటం మొదలుపెట్టింది. మెరిసే టైల్స్ మీద చెయ్యి జారింది, వద్దంది. ప్లాస్టిక్ పలకలు చూపించి, గోడ పగలగొట్టే పని లేదు మేడమ్, ఒక్క పూటలో బిగించేస్తాం అన్నాడు. వేళ్లతో తట్టింది, డబడబమంది. "గోడ మీద చెయ్యేస్తే గోడలా ఉండాలి బాబూ, డబ్బాలా ఉంటే ఆయన భయపడతారు," అంది. గరుకు రాతి పలకలు చూపించాడు. చెయ్యి రాసుకుని చూసి, అరచెయ్యి కొట్టుకుపోతుందని పక్కన పెట్టింది. మేడమ్‌కి తలనొప్పిగా ఉందా అని అతను నన్ను గుసగుసగా అడిగాడు. అవును నాయనా, ఇంటిల్లిపాదికీ ఉంది అన్నాను.

చివరికి మెరుపు లేని టైల్స్ దగ్గర ఆగింది. చెయ్యి పెడితే మెత్తని గరుకు, జారదు, గీసుకోదు. "ఇందులో పచ్చ చూపించు."

చిలక రంగు నుంచి సీసా రంగు దాకా పరిచాడు. ఆమె అన్నింటికన్నా ముదురుది పట్టుకుంది, సీసా రంగుది. ముదురైతే గట్టిగా కనబడుతుందని ఆమె నమ్మకం. నాకూ నిజమే అనిపించింది. వెనక గోడకు మాత్రమే అని ఆసుపత్రి అమ్మాయి చెప్పింది కదా అంటే, "ఆయన ఎటు తిరిగినా కనబడాలి," అని నాలుగు గోడలకీ తీసుకుంది. దాచుకున్నదంతా ఊడ్చి అక్కడ పెట్టింది.

పని సాగినన్నాళ్లూ మా మరిది పైన మా వాటాలోనే ఉన్నాడు. మా బాత్రూం కూడా తెల్లదే. మా ఆయన తమ్ముణ్ణి తలుపుదాకా తీసుకెళ్లి, లోపలికెళ్లి చెయ్యి కమోడ్ మీద పెట్టించి, బయటికొచ్చి అటు తిరిగి నిలబడేవాడు. దానికే మా మరిది సిగ్గుతో చచ్చిపోయేవాడు. రోజుకి నాలుగు గుక్కల నీళ్లు తాగించడానికి నేను చెయ్యని నాటకం లేదు. బతిమాలాను, తిట్టాను, నా తల మీద ఒట్టు పెట్టాను. "వదినా, కింద అయిపోనీ, కడివెడు తాగుతాను," అనేవాడు. కింద సుత్తి చప్పుడు వినబడుతుంటే చెవి అటు పెట్టి కూర్చునేవాడు. చప్పుడు ఆగితే, ఏమైంది, పని ఆపేశారా అని కంగారు. అతని చొక్కా భుజాల దగ్గర వేలాడటం మొదలైంది.

కింద తాపీ మేస్త్రితో ఒక్కమాటకి రోజూ పేచీ. అతనొక కళాకారుడు. రెండు చేపలు ఎగురుతున్న బొమ్మల టైల్ ఒకటి మధ్యలో పెడితే కళగా ఉంటుందమ్మా అని పట్టుబట్టాడు. "బాత్రూంలో కళ చూసేదెవరయ్యా, త్వరగా కానియ్యి," అని అరిచింది. ఫ్యాక్టరీ నుంచి రాగానే చీర దోపుకుని తనే సందుల్లో సిమెంటు తుడిచేది, తనే సిమెంటు పెచ్చులు ఎత్తిపోసేది. ఆఖరి రోజు నల్ల సీటు, నల్ల మూత బిగించారు. నేను వెళ్లి చూశాను. అందంగా ఉంది. చల్లగా, గంభీరంగా, పెద్దింటివాళ్ల బాత్రూంలా ఉంది. ఆమె ముఖంలో నెలల తర్వాత కాస్త కళ చూశాను.

సాయంత్రం ఆయన్ని దించుకొచ్చింది. ఆమె భుజం మీద చెయ్యేసి మెట్టుమెట్టుకీ ఆగి దిగాడు. ఆ రోజు గడ్డం గీయించుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బాత్రూం గుమ్మం దగ్గర ఆమె భుజం మీంచి చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డాడు. మేమిద్దరం వెనక నిలబడి చూస్తున్నాం.

"లైటు వెయ్యవే," అన్నాడు.

లైటు వెలుగుతూనే ఉంది.

ఒక్కమాట స్విచ్చు వైపు చూసింది. ఏడాది అన్న డాక్టరు మాట తప్పింది, ఇంతలోనే అయిపోయింది అనుకుందామె. నేనూ అదే అనుకున్నాను.

"వేశానండీ," అంది ఎలాగో.

ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. వెనక్కి తిరిగి నడవాలోకి చూశాడు. "వదిన నీలం చీర కట్టుకుంది, అది కనబడుతోంది. లోపలే ఏమీ లేదు. నల్లగా ఉంది. పచ్చ వేయిస్తానన్నావు కదే?"

"పచ్చే కదండీ ఇది!"

"ఇది పచ్చా?"

"పచ్చ కాకపోతే ఏంటి? నాలుగు గోడలూ పచ్చే!"

"పచ్చంటే ఇదేంటే... రోడ్డు వారన గీత గీస్తారే, ఆ పచ్చ. గుడ్డులో పచ్చసొన ఉంటుందే, ఆ పచ్చ."

పసుపు. ఆయన అడిగింది పసుపు రంగు. మా అత్తగారు బతికుండగా పసుపు రంగు దేన్నైనా పచ్చ అనేది, కొడుక్కి ఆ మాటే నోట నిలిచింది. ఒక్కమాట పుట్టింట్లో పచ్చంటే ఆకుపచ్చ, నాకూ అంతే. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎదురుపడలేదా అంటే, రంగుల గురించి మాట్లాడుకునే కాపురాలా మావి? పచ్చగడ్డీ పచ్చే, పచ్చసొనా పచ్చే. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఎవర్ని తిట్టాలో తెలియక నేను భాషనే తిట్టుకున్నాను. రెండు రంగులకి ఒకే మాట పెట్టినవాణ్ణి ఆ క్షణాన పట్టుకుంటే చెంప వాయించేదాన్ని.

పెద్ద బల్బు తెచ్చి పెట్టి చూశాం. ఆయన కళ్లు చికిలించి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చిన్న బల్బు పెడితే ఆ ముదురు గోడలు వెలుగంతా తాగేశాయి. నల్ల సీటు అందులో కలిసిపోయింది, దాని నీడలో తెల్ల కమోడ్ కూడా మసకబారింది. మామూలు కళ్లున్న నాకే ఆ మూల ఆనలేదు.

"ఫర్వాలేదులే," అన్నాడాయన. "అలవాటవుతుంది." అని కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆమె పళ్లెంలో అన్నం పెట్టి తెస్తే, ఆకలి లేదన్నాడు.

ఆమె పళ్లెం కింద పెట్టి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. అరచేత్తో గోడని కొడుతున్న చప్పుడు బయటికి వినబడుతూ ఉంది. నేను తలుపు తోసుకుని వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను. మా మధ్య అంతకుముందు అలాంటి ముట్టుకోవడాలు లేవు. "ఇంకొక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేదక్కా," అంది. "ఏ పచ్చండీ అని అడిగితే ఏం పోయేది? చొక్కా కాదు కదా, అవతల పడేసి ఇంకోటి తీసుకోవడానికి. ఆయన నా కళ్ల ముందే ఎండిపోతున్నారు. నేను చంపేస్తున్నానక్కా." ఆ తడి నేల మీదే ఇద్దరం కూర్చుండిపోయాం.

టైల్స్ మళ్లీ పగలగొట్టాలంటే మళ్లీ అన్ని రోజులూ సుత్తి చప్పుడే. అన్ని రోజులు ఆయన ఆగలేడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఫ్యాక్టరీ మానేసి, పక్క వీధిలో షాపు షట్టర్లకి రంగులేసే పెయింటరు దగ్గరికి వెళ్లింది. అతను ఏదో షట్టరుకి పసుపు రంగే కొడుతున్నాడు. సగంలో ఉన్నవాణ్ణి సగంలోనే లేపి, డబ్బాతో సహా లాక్కొచ్చింది. రాగానే డబ్బా మూత ఊడదీసి, దాని అడుగున అంటిన రంగుని ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఇదేనా? బాగా చూసి చెప్పండి. ఇదేనా మీ పచ్చ?"

ఆయన వేలు చాచాడు. తడి రంగు వేలికి అంటింది. "ఇదే," అన్నాడు. "ఎంత బాగుందే!"

పెయింటరు బాత్రూంలోకి వెళ్లి టైల్స్ మీద గోటితో గీకి చూసి తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, కొత్త టైల్స్ మీద రంగేమిటి? దీని మీద ఆయిల్ పెయింటు నిలవదు. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, మెరుపు రాకుండా కలిపి వేస్తాను. అయినా నీళ్లు పడే చోటు. ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. తర్వాత నన్ను తిట్టకూడదు."

"తిట్టను. కొట్టు."

"రంగు రెండు కోట్లు వేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. కాకపోతే మొదటిది ఆరాక గానీ రెండోది వెయ్యకూడదు, ఇంకో రోజు పోతుంది."

"ఒక్కటి చాలు."

"ఒక్కదానికైతే నేను గ్యారంటీ ఇవ్వలేనమ్మా..."

"చాలన్నానా!" ఆమె గొంతు ఇల్లంతా వినబడింది. "నీ రంగు ఊడేనాటికి ఆయనకి ఏ రంగూ కనబడదు. ఏడాదే అన్నాడు డాక్టరు. ఇంకెవరికయ్యా నీ గ్యారంటీ?"

పెయింటరు మా వెనక్కి చూస్తున్నాడు. నేను తిరిగి చూశాను. నడవాలో, గోడకి అరచెయ్యి ఆనించుకుని మా మరిది నిలబడి ఉన్నాడు. రంగు ఎలా కొడతారో చూద్దామని తనంతట తనే లేచి వచ్చినట్టున్నాడు.

ఒక్కమాట నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

"ఎప్పుడు చెప్పాడే డాక్టరు?" అని అడిగాడు.

"మీరు బస్సు మానేసినప్పుడే."

ఆయన తలూపాడు. వేలికంటిన రంగుని బొటనవేలితో మెల్లగా రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఆమె ఏడుస్తోంది, శబ్దం లేకుండా. పెయింటరు బ్రష్షు పట్టుకుని ఎటు చూడాలో తెలియక డబ్బాలోకి చూస్తున్నాడు.

"రెండు కోట్లు వెయ్యమను," అన్నాడు మా మరిది. "ఇంకో రోజు ఉగ్గబట్టుకుంటాను."